పైపులో పారాలి, పాదులో నిలవాలి: బ్లోయర్ మల్చింగుకు ఏ సరుకు?

చీనీ (బత్తాయి) చెట్ల పాదుల్లో ఆకులూ అలములూ కప్పితే తేమ నిలుస్తుందని అనంతపురం రైతుకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. మల్చింగ్ అనే ఆ పనిని మనుషులతో కాకుండా గాలితో చేయించడం ఎలాగన్నదే ఇప్పటి ప్రశ్న. కూలీలు దొరకని రోజుల్లో తట్టలతో మోయించే బదులు, బ్లోయర్ పెట్టి పైపుతో పాదుల్లోకి ఊదించవచ్చన్న ఆలోచన ఎవరికైనా నచ్చుతుంది. అయితే యంత్రం గురించి వాకబు చేసేవారు ఎన్ని హార్స్‌పవర్, డీజిలు ఎంత తాగుతుంది, బాడుగ ఎంత అని మూడు ప్రశ్నలూ వరసగా అడుగుతారు. అందులో వేయవలసిన సరుకు సంగతి మాత్రం చివరికి 'పొట్టో గడ్డో ఏదో ఒకటి' అన్నట్టు వదిలేస్తారు. పని సాగేదీ చెడేదీ అక్కడే.

యంత్రం కోరేదీ నేల కోరేదీ ఒకటి కాకపోవడమే అసలు చిక్కు. పైపులో ఇరుక్కోకుండా పారాలంటే సరుకు సన్నగా, పొడిగా, తేలికగా, అంతా ఒకే పరిమాణంలో ఉండాలి. పాదులో పడ్డాక కదలకుండా ఉండాలంటే ముతకగా, కాస్త బరువుగా, ముక్కలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉండాలి. గాలి తక్కువగా వీచే చోట ఈ తేడాను పట్టించుకోకపోయినా గడిచిపోతుంది. మన దగ్గర గడవదు. రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు పెట్టింది ఈ ప్రాంతపు గాలిని చూసే. ఆషాఢంలో ఇంటి ముందు ఆరేసిన బట్ట నిలవని చోట, పాదులో పరిచిన ఊక నిలుస్తుందా? యంత్రం మధ్యాహ్నమంతా ఊదినదాన్ని రాత్రి గాలి పక్క చేలోకి ఊదేస్తుంది.

అందుకే ముందుగా యంత్రాన్ని చూసి దానికి తగిన సరుకు వెతుక్కోవడం తలకిందుల పద్ధతి అంటాను. తోటకు ఏది పనికొస్తుందో తేల్చుకుని, తర్వాత దాన్ని నరికి, జల్లించి, ఆరబెట్టి యంత్రం మింగగలిగేలా చేసుకోవాలి. అలా చేసుకోవడానికి వీలుకాని సరుకైతే, ఆ సరుకుకు బ్లోయర్ వద్దు, తట్టే మేలు.

లోపల జరిగేది

బ్లోయర్లలో రెండు జాతులున్నాయి. మొదటి దానిలో సరుకు ఫ్యాన్ రెక్కల మధ్య నుంచే వెళ్తుంది. వేరుశనగ నూర్పిడి యంత్రం గొట్టంలోంచి కట్టెను విసరడం ఈ జిల్లాలో చూడనివారు ఉండరు, అదే పద్ధతి. ట్రాక్టర్ వెనక తిరిగే ఇరుసు (పీటీఓ)తో నడిచే కొమ్మల ష్రెడ్డర్లు చాలావరకు ఈ జాతివే. కత్తులు నరుకుతాయి, రెక్కలు విసురుతాయి, గొట్టం ఎటు తిప్పితే అటు కొన్ని మీటర్ల దూరంలో పడుతుంది. సరుకు కాస్త పొడవుగా ఉన్నా రెక్కలే విరిచేస్తాయి కాబట్టి ఈ రకం మరీ పేచీలు పెట్టదు. రాయి పడితే మాత్రం రెక్క వంగుతుంది, ఆ రాయి గొట్టంలోంచి ఎవరి మీదికి వస్తుందో చెప్పలేం.

రెండోది పైపు రకం. ఇందులో బ్లోయర్ ఉత్త గాలినే తోస్తుంది. సరుకు పైనున్న తొట్టిలోంచి, గదులు గదులుగా తిరిగే ఒక వాల్వు ద్వారా, ఆ గాలిలోకి కొంచెం కొంచెంగా జారుతుంది. అక్కడినుంచి పొడవాటి పైపులో కొట్టుకుపోయి చివర పట్టుకున్న మనిషి చూపిన చోట పడుతుంది. పాశ్చాత్య దేశాల్లో పార్కులకూ రోడ్డు గట్లకూ బెరడు ముక్కలు, కంపోస్టు ఇలాగే లారీ మీద బిగించిన యంత్రాలతో ఊదుతారు. వాటికి 4, 5 అంగుళాల పైపులు వాడతారు. చెట్ల మధ్యకు ట్రాక్టర్ దూరని గుబురు తోటలకూ, కింద డ్రిప్పు పైపులు పరిచి చక్రం పెట్టలేని చోట్లకూ పనికొచ్చేది ఈ రకమే. సరుకు విషయంలో పట్టింపు ఎక్కువ ఉన్నదీ దీనికే.

పైపులో ముక్కలు గాలిలో తేలుతూ పోవాలంటే ఆ గాలి వేగం సెకనుకు సుమారు 20 నుంచి 30 మీటర్లు ఉండాలి. వేగం అంతకంటే తగ్గితే ముక్కలు పైపు అడుగున పడి పేరుకుంటాయి, కాసేపటికి పైపు మూసుకుపోతుంది. పైపు లోపలి వ్యాసం 100 మి.మీ. అయి, వేగం 25 మీటర్లు కావాలంటే గంటకు దాదాపు 700 ఘనపు మీటర్ల గాలి అందాలి. ఇక్కడే చాలామంది ఒక తప్పుడు వైద్యం చేస్తారు. పైపు తరచూ మూసుకుపోతోందని 125 మి.మీ. పైపు తెచ్చి బిగిస్తారు. బ్లోయర్ అదే, గాలి అదే. పైపు వెడల్పయింది కనుక గాలి వేగం 25 నుంచి 16కు పడిపోతుంది. ముందు అప్పుడప్పుడు మూసుకుపోయేది ఇప్పుడు పదే పదే మూసుకుపోతుంది. పెద్ద పైపు కావాలంటే పెద్ద బ్లోయర్ కూడా కావాలి. అది చేతకాకపోతే ముక్క పరిమాణం తగ్గించుకోవడం ఒక్కటే దారి.

ముక్క ఎంతుండాలి? పొడవాటి ముక్క సైతం పైపు లోపలి వ్యాసంలో సగానికి మించకూడదన్నది పనికొచ్చే లెక్క. నాలుగంగుళాల పైపుకు రెండంగుళాలు. వంపులు ఎక్కువుంటే ఒకటిన్నర అంగుళమే నయం. చెప్పడం తేలికే గాని కొలవడంలో మోసం ఉంది. ఇళ్లు కట్టేచోట ఇసుక జల్లించే జల్లెడ తెచ్చి దానిమీద పోసి, కిందపడిందంతా మంచిదే అనుకుంటారు. జల్లెడ అడ్డుకునేది వెడల్పును, పొడవును కాదు. కన్నం కంటే సన్నగా, జానెడు పొడవు ఉన్న పుల్ల జల్లెడలోంచి నిలువునా జారిపోతుంది. అదే పుల్ల పైపు వంపులో అడ్డం తిరిగిందంటే దాని వెనక వచ్చిన ప్రతి ముక్కా అక్కడే ఆగుతుంది. మూసుకుపోయిన పైపును విప్పి చూస్తే లోపల కుక్కుకుపోయిన పొట్టు కనిపిస్తుంది, తప్పంతా పొట్టుదే అనిపిస్తుంది. జాగ్రత్తగా కెలికితే మధ్యలో అడ్డంగా ఇరుక్కున్న పుల్ల దొరుకుతుంది. అందుకే జల్లించిన కుప్పలోంచి నాలుగైదు చోట్ల దోసిళ్లతో తీసి, గోనె మీద పరిచి, అందులో అన్నిటికంటే పొడవైన దాన్ని కొలవాలి. సగటు పొడవుతో పనిలేదు.

పీచు, తాడు సంగతి వేరు. కొబ్బరి పీచు, అరటి నార, మూటలు కట్టిన సుతిలి, తెగిపోయిన డ్రిప్పు పైపు ముక్కలు, పాత మల్చింగ్ షీటు పేలికలు వాల్వు ఇరుసుకు చుట్టుకుంటాయి. వీటికి పరిమాణం నియమం వర్తించదు. ఒక్క మూర సుతిలి చాలు, పని ఆగిపోవడానికి.

మరొక ఇబ్బంది తొట్టిలో ఉంది. చెక్క ముక్కలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని వాల్వు పైన గూడు కడతాయి. తొట్టి నిండుగా కనిపిస్తుంది, పైపులోంచి ఉత్త గాలి వస్తుంది. పాదులో ఏ గుణం కోసం ముతక ముక్కలను ఎంచుకున్నామో ఆ గుణమే ఇక్కడ అడ్డం పడుతుంది. తొట్టిలో కలియబెట్టే ఇరుసు ఉన్న యంత్రమైతే ఈ బాధ తక్కువ. లేకపోతే ఎవరో ఒకరు కర్రతో పొడుస్తుంటారు, కర్ర చాలకపోతే చెయ్యి పెడతారు. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోగొట్టుకున్నవారిని చూసిన జిల్లాలివి. ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే తొట్టిలో చెయ్యి పెట్టాలి. మెడలో తువ్వాలు, వేలాడే చీర కొంగు ఆ దరిదాపులకు రాకూడదు.

ఇక పైపు మూతి దగ్గర. కళ్లంలో తూర్పారబట్టినప్పుడు గింజ దగ్గరా పొట్టు దూరంగా పడుతుంది. వేర్వేరు బరువుల సరుకులు కలిపి బ్లోయరులో పోస్తే పాదులో జరిగేదీ అదే. చెక్క ముక్కలు, కొబ్బరి పొట్టు, వేప పిండి కలగలిపి ఒకేసారి ఊదేస్తే పని సులువవుతుందనుకుంటారు. ముక్కలు చెట్టు దగ్గర పడతాయి, పొట్టు పాదు అంచుకు పోతుంది, వేప పిండి దుమ్మయి పైపు పట్టుకున్నవాడి ముక్కులోకి పోతుంది. ఎరువూ పిండీ చేత్తో ముందుగా వేసుకుని, పైన ఒకే రకం సరుకు ఊదడం మంచిది.

చుట్టుపక్కల దొరికేవి

ముందు పక్కన పెట్టవలసిన వాటి గురించి. వరిగడ్డి, జొన్న చొప్ప, వేరుశనగ కట్టె పశువుల మేత. కరవు ఏళ్లలో పశుగ్రాస శిబిరాలు పెట్టుకునే జిల్లాలో మేతను పాదుల్లో పరచమని నేను చెప్పను. పైగా గడ్డి నరకకుండా పైపులో పోదు, నరికితే గాలికి నిలవదు.

వరి ఊక నంద్యాల, కర్నూలు వైపు మిల్లుల దగ్గర గుట్టలుగా కనిపిస్తుంది. యంత్రం నడిపేవారికి ఇదంటే ప్రాణం, ఎందుకంటే నీళ్లలా పారుతుంది. కానీ ఊక కాలిస్తే మిగిలే బూడిద 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది, అందులో అత్యధిక భాగం సిలికా. అంటే పైపులోంచి సన్నటి ఇసుకను పంపుతున్నట్టే. పైపు వంపులు, వాల్వు అంచులు లోపలినుంచి అరిగిపోతాయి. పాదులో పడ్డ ఊకను గాలి ఎత్తుకుపోతుంది, జడివాన వస్తే తేలిపోతుంది. నర్సరీ మడులకు, నీడ వలల కింద, గాలి తగలని చోట వాడుకోవచ్చు. బయట తోటకు వద్దు.

అరటి బోదె గురించి పులివెందుల, పుట్లూరు వైపు రైతులు అడుగుతారు. గెల కొట్టాక ఎకరం నిండా బోదెలే కదా, నరికి ఊదితే పోలేదా అని. బోదెలో ఉన్నదంతా నీరూ నారే. నీరు పైపుకు అంటుకుంటుంది, నార ఇరుసుకు చుట్టుకుంటుంది. అక్కడే ముక్కలు కొట్టి వరసల మధ్య పడేస్తే తోటకు మేలు జరుగుతుంది. బ్లోయరుతో దానికి సంబంధం పెట్టకండి.

పత్తి కట్టె ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో కావలసినంత. గట్టి కట్టె, నరికితే మంచి ముక్కలవుతుంది, గాలికి నిలుస్తుంది. దానికి అతుక్కుని మిగిలిన ఎండు కాయల్లో గులాబీ రంగు పురుగు దాగి ఉంటుంది. చేలోనే వెంటనే ష్రెడ్డరుతో నుజ్జు చేయడం ఆ పురుగుకు మందు. కట్టెను మోపులుగా కట్టి ఇంటి దగ్గర నెలల తరబడి నిలవ ఉంచడం ఆ పురుగుకు ఆశ్రయం. వాడదలచుకుంటే కోత అయిన వెంటనే నరికించాలి. కంది కట్టెకు ఈ బెడద లేదు, కాకపోతే పొయ్యిలోకి పోగా మిగిలేది తక్కువ.

సర్కారు కంప ఎక్కడైనా దొరుకుతుంది, ఉచితంగా దొరుకుతుంది, కొట్టుకుపోతే సంతోషించేవారే అందరూ. ముళ్లు ముక్కలైనా ముళ్లే. పైపు రబ్బరుకు గుచ్చుకుంటాయి, తర్వాత కాయ కోతకు వచ్చిన కూలీల పాదాలకు గుచ్చుకుంటాయి. కాయలున్నప్పుడు నరికితే తోటంతా కంప విత్తినట్టే. నా మట్టుకు నేను దీన్ని బొగ్గు బట్టీలకే వదిలేస్తాను.

చీనీ, మామిడి కొమ్మల కత్తిరింపుల వల్ల వచ్చే రొట్ట సొంత తోటలోనే ఉంటుంది కనుక రవాణా ఖర్చు లేదు. చెట్టు ఆరోగ్యంగా ఉంటే ఇంతకంటే మంచి సరుకు లేదు. ఎండు తెగులు తగిలిన కొమ్మలు మాత్రం ఈ కుప్పలో కలపరాదు. దానిమ్మ విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. అనంతపురం దానిమ్మ తోటలను కుదేలు చేసిన బాక్టీరియా మచ్చ తెగులు ఎండిన కొమ్మల్లోనూ రాలిన ఆకుల్లోనూ బతికి ఉంటుంది. తెగులున్న తోట కత్తిరింపులను ముక్కలు చేసి గాలితో ఊదడమంటే తెగులును తోట నలుమూలలా మన చేతులతోనే చల్లడం. వాటిని కాల్చేయవలసిందే.

ఇక వేరుశనగ పొట్టు. కాయ ఒలిచే మిల్లుల దగ్గర మిగిలే ఈ పొట్టును ఎక్కువగా బాయిలర్లకూ ఇటుక బట్టీలకూ కొంటారు, కాబట్టి చౌకగా దొరుకుతుందని ముందే లెక్క వేసుకోకూడదు. యంత్రం దృష్టిలో ఇది దాదాపు ఆదర్శ సరుకు. ప్రతి ముక్కా పైపులో సగం వ్యాసానికి లోపే, పీచు లేదు, గూడు కట్టదు, ఊకలా పైపును తినేయదు. నేల దృష్టిలో చూస్తే మూడు లోపాలు కనిపిస్తాయి.

ఒకటి బరువు. ఘనపు మీటరుకు వంద కిలోలు అటూ ఇటూ మాత్రమే ఉంటుంది, గాలికి లేస్తుంది. దీనికి విరుగుడు ఉంది: పైపు చివర సన్నటి నీటి జల్లు బిగించి, పొట్టు బయటపడేటప్పుడే తడిసేలా చేయడం. దుమ్ము అణుగుతుంది, తడిసిన పొట్టు నేలకు అతుక్కుంటుంది. ఊదాక మరోసారి పైన నీళ్లు చల్లితే ముక్కలు ఒరుసుకుని చదునుగా పరుచుకుంటాయి. ఇలా ఒకటి రెండు సార్లు తడిసి ఆరిన పొట్టు కొత్త పొట్టంత సులువుగా ఎగరదు. తొట్టిలో వేయకముందే తడపడం మాత్రం పొరపాటు. అప్పుడు పైపులోనే అతుక్కుంటుంది.

రెండోది, పొట్టులో మిగిలిన గింజ ముక్కలు. మిల్లు సరిగా లేకపోతే దోసెడు పొట్టు విదిలిస్తే నాలుగు పప్పు బద్దలు రాలతాయి. వాటికోసం ఎలుకలు వస్తాయి, ఎలుకలు వచ్చాక డ్రిప్పు పైపులు కొరుకుతాయి. అడవి పందులున్న ఊళ్లలో పాదులే తవ్వేస్తాయి. కొనేముందు గుప్పెడు పొట్టు చేటలో వేసి చెరిగి చూడటం అర నిమిషం పని.

మూడోది తెగులు. వేరుశనగ కాండం కుళ్లు శిలీంధ్రం ఆవగింజంత గుండ్రటి బీజాలుగా పంట చెత్తలో నిలిచి ఉంటుంది. టమాటాతో సహా చాలా పంటలకు సోకుతుంది. చీనీ పాదుల్లో దీని గురించి అంతగా బెంగపడక్కరలేదు గాని, చెట్ల మధ్య టమాటాయో వేరుశనగో అంతర పంటగా వేసేవారు ఆలోచించుకోవాలి. నల్లగా బూజు పట్టిన పొట్టు అసలు తీసుకోకూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, పైపు పట్టుకునేవారికి మాస్కు ఇవ్వడం ఎలాగూ తప్పనిసరి.

అందరూ పొట్టు దగ్గరే ఆగిపోతారు. నేను ఇంకో సరుకు వైపు చూడమంటాను. హిందూపురం, మడకశిర, ధర్మవరం చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే ఊళ్లలో మల్బరీ కొమ్మలను కొమ్మలుగానే పురుగులకు వేస్తారు. ఆకు తిన్నాక మిగిలే పుల్లలు షెడ్ల వెనక గుట్టలు పడి ఉంటాయి. పుల్లలన్నీ ఇంచుమించు ఒకే లావు, బెరడు నున్నన, ముల్లు లేదు. ష్రెడ్డరులో నరికితే అంగుళం, అంగుళంన్నర ముక్కలు తెగుతాయి. పొట్టు కంటే బరువు, ఊక కంటే ముతక, పైపుకు గొడవ లేదు, పాదులో పడ్డాక ఒకదానిమీద ఒకటి అడ్డంగా నిలువుగా పడి గాలికి కదలవు. మొదట్లో చెప్పిన రెండు కోరికలూ ఒకేచోట తీరేది దీనితోనే.

దీనికీ రెండు షరతులున్నాయి. మల్బరీని కొమ్మ ముక్కలు నాటే పెంచుతారు కదా. మూడు నాలుగు కన్నులున్న జానెడు పచ్చి ముక్క తడి పాదులో పడితే వేరూనగలదు. బాగా ఎండిన పుల్లలనే చిన్నగా నరికితే ఆ భయం ఉండదు. రెండోది, పురుగుల పడకల మీద చల్లే సున్నం, రోగ నివారణ పొడులు పుల్లలకు అంటుకుని వస్తాయి. ఒక వానకు తడిసి ఆరిన గుట్ట అయితే మంచిది. పుల్లలతో కలిసి వచ్చే పురుగుల లద్దె, ఆకు తుక్కు తడిగా ఉంటే పైపుకు పట్టుకుంటాయి. వాటిని జల్లించి కంపోస్టు గుంతలో వేసుకోవాలి.

కొబ్బరి పొట్టు గురించి ఒక లెక్క చెబితే చాలు. అది తన బరువుకు ఎన్నో రెట్ల నీరు పీలుస్తుందని అమ్మేవారు గొప్పగా చెబుతారు. నిజమే. చదరపు మీటరుకు ఎండు పొట్టు 5 కిలోలు పడేలా పరిచారనుకుందాం, ఐదింతల నీరు పీల్చిందనుకుందాం. 25 లీటర్లు. చదరపు మీటరుకు లీటరు అంటే ఒక మిల్లీమీటరు వాన. అంటే 25 మి.మీ. వాన కురిస్తే దాదాపు అంతా పొట్టే తాగేస్తుంది, వేరుకు చుక్క దిగదు. తర్వాతి రోజుల ఎండకు ఆ నీరు చాలావరకు ఆవిరైపోతుంది. ఏడాది మొత్తానికి 500 నుంచి 550 మి.మీ. సగటు వాన పడే జిల్లాలో, అదీ ఎక్కువగా చిన్న చిన్న జల్లులుగా పడేచోట, ఇది చిన్న నష్టం కాదు. ముతక చెక్క ముక్కలు నీటిని పెద్దగా పీల్చవు, సందుల్లోంచి కిందికి వదులుతాయి, పైన ఎండ తగలనీయవు. కొబ్బరి పొట్టును మల్చింగుగా కాకుండా మట్టిలో కలుపుకుంటేనే దాని గుణం మనకు ఉపయోగపడుతుంది. డ్రిప్పు పైపు కింద ఉంటే కథ కొంత మారుతుంది, అయినా వాన నీటిని వదులుకోవడం ఎందుకు?

తేమ, మందం, చెట్టు మొదలు

సరుకులో తేమ ఎంతుండాలో పిడికిలి చెబుతుంది. గుప్పెడు తీసుకుని గట్టిగా నొక్కితే నీటి చుక్క కారిందా, యంత్రం దరికి తేవద్దు. వదలగానే ముద్దలా నిలిచిందా, ఇంకో రోజు ఆరనివ్వాలి. విడిపోయి, అరచేతికి కాస్త చల్లగా తగిలితే సరిగ్గా ఉన్నట్టు. గలగలలాడుతూ దుమ్ము లేస్తే పైపుకు ఇబ్బంది లేదు గాని మనిషికి ఇబ్బంది; చివర నీటి జల్లు పెట్టుకోవాలి.

ఎంత సరుకు కావాలో ముందే లెక్క కట్టుకుంటే సగం తగవులు ఉండవు. చెట్టుకూ చెట్టుకూ 6 మీటర్ల ఎడం ఉన్న తోటలో ఎకరానికి సుమారు 112 చెట్లు. రెండు మీటర్ల వ్యాసమున్న పాదులో 7.5 సెంటీమీటర్ల మందాన పరచాలంటే చెట్టుకు దాదాపు పావు ఘనపు మీటరు, ఎకరానికి 26 ఘనపు మీటర్లు. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న ట్రాలీకి 3.4 ఘనపు మీటర్లు పడుతుంది. అంటే ఎకరానికి ఎనిమిది ట్రాలీలు. తోటంతా పరచాలని సరదా పడేవారికి కూడా ఒక అంకె: 5 సెంటీమీటర్ల మందాన ఎకరం మొత్తానికి 200 ఘనపు మీటర్లు దాటుతుంది. అరవై ట్రాలీలు ఎవరు తోలతారు?

ఈ లెక్కే ఇంకో మాట కూడా చెబుతుంది. ఒకటి రెండు ఎకరాల తోటకు బ్లోయర్ బాడుగకు తెప్పించడం దండగ. ఎనిమిది ట్రాలీల సరుకును నలుగురు మనుషులు తట్టలతో వేసేస్తారు. పది ఎకరాలు దాటిన తోటలకూ, నాలుగు తోటలు పక్కపక్కన కలిసి తెప్పించుకునేవారికీ, నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మధ్యలో గన్నేరు వరసల్లాంటి పొడవాటి పట్టీలకూ యంత్రం ఖర్చు గిట్టుబాటవుతుంది.

7.5 సెంటీమీటర్లన్నది ముతక ముక్కలకు. వేరుశనగ పొట్టుకు 5 చాలు. రంపపు పొట్టు వాడక తప్పకపోతే 2, 3 సెంటీమీటర్లకు మించకూడదు; మందంగా పరిస్తే పైన అట్ట కట్టి వాన నీటిని పక్కకు జారుస్తుంది. రంపపు పొట్టు, చెక్క ముక్కలు నేల మీద ఉన్నంతవరకు నత్రజనిని పెద్దగా లాగవు. దున్ని మట్టిలో కలిపేస్తే మాత్రం, కుళ్లేదాకా చెట్టుకు అందాల్సిన నత్రజనిని సూక్ష్మజీవులు వాడుకుంటాయి, ఆకులు పాలిపోతాయి. పాదు తవ్వే అలవాటున్నవారు పై పొరను పక్కకు లాగి తవ్వుకోవాలి.

చేత్తో పరిచేవాడికీ పైపుతో ఊదేవాడికీ ఒక తేడా ఉంది. గాలి ఒత్తిడికి ముక్కలు వెళ్లి చెట్టు మొదలుకు తగిలి అక్కడే గుట్టపడతాయి. చీనీ చెట్టుకు ఇది ప్రమాదకరం. మొదలు చుట్టూ ఎప్పుడూ తడి ఉంటే బంక తెగులు వస్తుంది. ఆ తెగులుకు కావలసింది తడిసిన బెరడే. పైపును చెట్టుకేసి కాకుండా పాదు అంచు నుంచి వాలుగా నేలకేసి పట్టాలి, మొదలు చుట్టూ అడుగు వెడల్పున ఖాళీ ఉంచాలి. ఊదడం అయ్యాక ఒక మనిషి వెనకే నడుస్తూ మొదళ్ల దగ్గర పడ్డదాన్ని కాలితో వెనక్కి లాగుతూ పోతే సరిపోతుంది. ఎర్రనేలల్లో చెదల బెడద ఉన్నచోట ఈ ఖాళీ మరింత అవసరం, ఎందుకంటే చెదలు చెక్క ముక్కల్లోంచి బెరడు మీదికి ఎక్కేది ఆ గుట్ట ఆసరాతోనే.

ఎప్పుడు ఊదాలన్నదానికి నా సమాధానం: సెప్టెంబరు, అక్టోబరు వానలకు నేల బాగా నానాక. ఎండిన నేల మీద మల్చింగ్ వేస్తే ఎండినతనమే నిలుస్తుంది. జూన్, జూలై గాలుల్లో ఊదడం వృథా శ్రమ. వేసవికల్లా పొర అణిగి గట్టిపడుతుంది. వేసవిలో బీడీ నిప్పుకు అంటుకునే సరుకే ఇదంతా, కాబట్టి దారి పక్క వరసలో పొర పలుచగా ఉంచడమో, రెండు బారల మేర వదిలేయడమో చేయాలి.

యంత్రం మాట్లాడుకునేటప్పుడు పైపు లోపలి వ్యాసం ఎంత, సరుకు ఫ్యాన్ రెక్కల్లోంచి పోతుందా వాల్వు ద్వారా దిగుతుందా, తొట్టిలో కలియబెట్టే ఇరుసు ఉందా, చివర నీటి జల్లు బిగించవచ్చా అని అడగాలి. బాడుగ మాత్రం గంటకు ఇంత అని ఒప్పుకోకండి. పైపు మూసుకుపోయి గంట ఆగినా మీ జేబులోంచే పోతుంది, సరుకు ఎలాంటిదైనా యజమానికి లెక్కలేదు. చెట్టుకు ఇంత అని కుదుర్చుకుంటే, ముందు రోజు సాయంత్రమే వచ్చి కుప్పలోకి చేతులు దూర్చి పుల్లల పొడవు చూసేది, సుతిలి ఏరేది, తడిగా ఉందని వెనక్కి పంపేది ఆయనే.